చప్పుడు ఆగితే

"తప్పకుండా చూడు వదినా. విదేశీ సినిమా, బోలెడు అవార్డులొచ్చినాయి," అన్నాను మగ్గం పక్కన కూర్చొని. "ఆ దేశంలో సర్కారు ఇంటింటి గోడలో మైకు పెట్టింటాది. ఎవురేం చేస్తాండారో పొద్దంతా ఒకడు వింటా ఉంటాడు."

వదిన నవ్వింది. నేసే చేతులు మాత్రం ఆపలేదు. "వానికి జీతమన్నా ఇస్తారు. మీ నాయన ఊరికే వింటాడు."

నాకు నవ్వు రాలేదు. మొన్న హిందూపురంలోని పుట్టింటికి పోయి, తిరిగి రానందని మా అన్న ఆమెను బలవంతంగా ధర్మవరం తీసుకొచ్చాడు. ఫోను లాక్కున్నాడు. అన్న బయటికి పోతే కాపలా నాయనది. గోడకు అవతలే ఆయన మంచం. మగ్గం కాస్త ఆగితే చాలు, లేచి వస్తాడు.

"ఆ సినిమాలో ఎవురన్నా తప్పించుకుంటారా?" చప్పుడు చాటున అడిగింది వదిన.

"ఒకామె తప్పించుకుంటాది."

"హిందూపురం రైలు వచ్చే టైమైంది. నేను స్టేషన్ చేరేదాకా నువ్వు నేస్తావా? చప్పుడుంటే మీ నాయన లేచి రాడు."

చిన్నప్పుడు నాయన నేర్పిన పనే. ఆమె లేచీ లేవకముందే మగ్గం గుంటలోకి దిగి, దారం కండె ఉన్న నాడెను అటూ ఇటూ విసిరాను. వదిన చెప్పులు చేత పట్టుకొని పెరటి తలుపు దాటింది. ఆపకుండా నేశాను. చీర పాడైనా ఫరవాలేదు, చప్పుడు ఆగకూడదు.

గోడకు అవతల మంచం కిర్రుమంది.

"భార్గవీ, ఈ చప్పుడు నీ చేతిది గదా," అన్నాడు నాయన, ఎంతో నెమ్మదిగా. "మీ వదిన యాడికి పోయిందమ్మా?"