గొడుగు అడ్డంపెట్టిన ఆవిడ

జూలై తొమ్మిది. ముసురు. పాత గొడుగుకు ఎప్పటిలాగే తిట్టుకుంటూ తీగ చుట్టాను.

శాంతి సంఘం ప్రదర్శనకు ఒక ఫోటో దొరికింది. అప్పట్లో రెండు వీధులవాళ్లు కర్రలతో కొట్టుకోబోతే, మధ్యలో గొడుగు అడ్డంపెట్టి నిలబడ్డ ఒకావిడ వీపు అందులో ఉంది. ఆవిడెవరో తేల్చే పని మహా పరిశోధకుణ్ని కనుక నాకే అప్పగించారు. నేను ఎక్కని గడప లేదు. చివరికి "పేరు తెలియని వీరనారి" అని అట్ట మీద రాశాను.

మా ఆవిడ తొంగిచూసింది. "ఆ గొడుగు మనదేనండీ. విరక్కొట్టుకొచ్చానని ఆ రోజు ఎన్ని తిట్లు తిట్టారో."

"అక్కడ నిలబడ్డది నువ్వని చెప్పలేదేం?"

"మీరు గొడుగు సంగతే అడిగారు."

కొత్త అట్ట మీద ఆమె పేరు రాశాను. ఫోటో పక్కన పెట్టమని గొడుగు కూడా సంఘానికి ఇచ్చేసి, తడుస్తూ ఇల్లు చేరాను. చొక్కా ఆరేసి ఇది రాస్తున్నాను.