ముట్టుకోని కాలు

ఆ కాలానికి ప్రతి ఇంటి గోడకూ ఒక వైద్యపలక ఉండేది. ఏ నొప్పికి ఏ చికిత్స పనిచేస్తుందో పరిశోధనల్లో తేలి ఉంటే అది చెప్పేది. తేలకపోతే చీటీ తీసి, బాధితుల్లో సగం మందికి ఆ చికిత్స చేయమనేది, సగం మందికి వద్దనేది. అందరి ఫలితాలూ చేరాక గాని తేడా వెల్లడయ్యేది కాదు.

కబడ్డీ ఆడే ఝాన్సీకి చీలమండ బెణికింది. రాష్ట్ర జట్టు ఎంపిక పన్నెండు రోజుల్లో ఉంది. వ్యాయామం తప్పనిసరి అని చెప్పిన పలక, నూనె మర్దనకు మాత్రం చీటీ తీసి వద్దంది. మర్దనలో విజయనగరమంతటా పేరున్న మేనత్త సన్యాసమ్మ ఆ పక్కనే కూర్చుని ఉంది.

"తలుపేసి రుద్దెయ్యత్తా. గోడకేటి తెలుస్తాది?"

"తప్పుడు లెక్క ఎల్తాదే. రేపు పలక ఊరందరికీ అదే సెప్తాది."

"ఈసారి జట్టులో లేకపోతే మరి నాకు వయసు దాటిపోతాది. నీ సేతి మీద నీకే నమ్మకం లేదేటి?"

సన్యాసమ్మ నూనె గిన్నె పక్కకు జరిపింది. "నలభై ఏళ్లలో నాను పట్టిన కాలు బాగవకుండా ఉండలేదు. ముట్టుకోని కాలు ఏటవుతాదో ఒక్కటీ సూడలేదు. నీది సూడనీ."

ఝాన్సీ అలిగింది గాని వ్యాయామం మానలేదు. ఆమె మడమలెత్తి దించుతుంటే అత్త ఎదురుగా కూర్చుని లెక్కపెట్టింది. పదకొండో రోజున ఆ పిల్ల ఒంటికాలి మీద గెంతి, నొప్పి లేదని నవ్వింది.

"గెలిసినట్టేనా అత్తా?"

"నువ్వు గెలిసినావు. నాను గెలిసినానో ఓడినానో ఇంకా సీటీ పడిన రెండువేల కాళ్లు సెప్పాల," అంది సన్యాసమ్మ.