తడి అరుగు

"ఊచల మధ్య చెయ్యి దూరేంత సందుంది," అంది తల్లి, పొద్దున్నే కిటికీ ముందు నిలబడి.

"ఎవరి చెయ్యమ్మా?" అంది కూతురు చక్రాల కుర్చీలోంచి.

"ఎవరిదైతేనేం. దూరుతుందా లేదా?"

పిల్లకి నవ్వొచ్చింది. తల్లికి రాలేదు.

పాత గుడిసెలు తీసేసి, లేనివాళ్ల కోసం మున్సిపాలిటీ వాళ్లు కట్టించిన మేడ అది. లిఫ్టు లేదు. చీటీలు తీస్తే వీళ్లకి అన్నిటికన్నా పై అంతస్తు వచ్చింది. నడవలేని పిల్లని చంకనేసుకుని ఇళ్ల ఆఫీసులో ఆమె గుండెలవిసేలా ఏడ్చింది. కొన్నాళ్లకి కబురొచ్చింది, మీ ఇల్లు కిందికి మార్చామని.

ఆఫీసులో మేడమ్ జాలిపడిందనుకుంది ఆమె. ఆ మహాతల్లి చల్లగా ఉండాలని రోజూ అనుకుంటుంది. ఆ వెంటనే, ఇచ్చినవాళ్లు వెనక్కి లాక్కుంటేనో అని కూడా అనుకుంటుంది.

ఆ పొద్దున కుట్టుపనికి బయల్దేరి, తలుపుకి తాళం వేస్తూ పక్కకి చూసింది.

కిటికీ కింద అరుగు మీద ఎవరో ముసలాయన. ఒళ్లో గుడ్డసంచీ. చూపు మాత్రం ఇంట్లోకి.

"ఎవరు కావాలి?"

"ఎవరూ వద్దమ్మా. కాస్త ఊపిరి తీసుకుని పోతాను."

"ఊరంతా గాలే కదా. మా కిటికీ కిందే దొరికిందా?"

ఆయన ఏదో చెప్పబోయి, చిన్నగా నవ్వి లేచాడు. ఆమె మళ్లీ తాళం తీసి, లోపలికెళ్లి కిటికీ రెక్కలు మూసి గడియపెట్టింది.

కుట్టుమిషను ముందు కూర్చుందే గానీ ఆ పూట కుట్టిన కుట్టల్లా వంకరే.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

"నీతో మాట్లాడాడా?" అని అడిగింది కూతుర్ని.

"కిటికీ తీసి నేనే పలకరించాను. గడప దగ్గర చక్రం తట్టుకోవట్లేదు కదా అన్నాడు. వానొస్తే నీళ్లు లోపలికొస్తున్నాయా అన్నాడు."

తల్లి కిటికీ గడియ మళ్లీ బిగించింది. "లోపలి సంగతులు వాడికెందుకే?"

"వాడు కాదమ్మా, తాతయ్య."

"అరుగెక్కినవాడల్లా తాతయ్యే నీకు."

దొంగో. పిల్లలనెత్తుకుపోయేవాడో. కాకపోతే ఇల్లు లాక్కోడానికి సాకు వెతకమని ఆఫీసు పంపిన మనిషో. మూడో భయం మొదటి రెండింటినీ మింగేసింది.

పక్కింటావిడ దగ్గరికి పరిగెత్తింది. "ఎవరో తెలుసా వదినా?"

"నేనూ నీలాగా కొత్తగా దిగినదాన్నే. నాకేం తెలుసు?" అందావిడ బియ్యం చెరుగుతూ. "అయినా ఆఫీసువాళ్లు నీ భయాలకి విడిగా ఇంకో ఇల్లివ్వాలి. ఈ ఒక్క గదిలో ఎక్కడ పడతాయి?"

మర్నాటి నుంచి పనికెళ్లే ముందు ఆమె అరుగు మీద బకెట్టు నీళ్లు కుమ్మరించడం మొదలుపెట్టింది.

"తాతయ్య తడిలో కూర్చోలేక నిలబడే ఆయాసపడ్డాడమ్మా," అంది కూతురు.

"కూర్చోకపోతే పీడా పోయింది."

ఆ మాట అన్నాక ఆమెకే ఏదోలా అనిపించింది. అయినా తెల్లారి బకెట్టు నింపింది.

ఆరోజు మిషను మీద ఉండగానే ఎవరో వచ్చి చెప్పారు. "మీ మేడ దగ్గర జనం పోగయ్యారు."

చెప్పులు వేసుకోవడం కూడా మరిచి పరిగెత్తింది. దారంతా పాప, పాప అనుకుంటూనే ఉంది. జనాన్ని తోసుకుని, తాళం తీసింది.

పిల్ల కుర్చీలో క్షేమంగా ఉంది. ఏడుస్తోంది.

"తాతయ్య ఇవాళ ఆగలేదమ్మా. అరుగు చూసి, తిన్నగా మెట్లెక్కేశాడు."

వెనకే పక్కింటావిడ వచ్చింది. "పై అంతస్తు పెద్దాయనట. మెట్ల మలుపులో కూలబడిపోయాడు. ఆస్పత్రికి చేరకుండానే పోయాడు."

"ఈ మేడలోనే ఉంటాడా?" అంది తల్లి.

ఆ తర్వాత ఆమె అరుగు మీద నీళ్లు పొయ్యలేదు. బకెట్టు వంక చూడాలన్నా భయమేసేది.

కొన్నాళ్లకి ఒక ముసలావిడ గోడ పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. చేతిలో అదే గుడ్డసంచీ.

తల్లి గబగబా బయటికొచ్చి, కొంగుతో అరుగు తుడిచింది. అరుగు పొడిగానే ఉంది. అయినా మళ్లీ తుడిచింది.

"కూర్చోండి పెద్దమ్మా."

ఆవిడ కూర్చుంది.

"పెద్దాయనకి మెట్లు పడేవి కావా?"

"గుండె జబ్బు. ఎక్కొద్దని డాక్టరు చెబుతూనే ఉన్నాడు."

"మరి కింద ఇల్లు అడక్కపోయారా? నేను ఏడిస్తే నాకిచ్చారు. ఆఫీసులో ఆ మేడమ్ మంచి మనిషి. మీరూ ఒక్కమాట అడిగుంటే..."

ముసలావిడ సంచీ ఒళ్లో పెట్టుకుంది.

లోపల చక్రాల కుర్చీ కదిలిన చప్పుడైంది. గడప దగ్గరకొచ్చి, తట్టుకోకుండా దాటింది. ఆవిడ ఆ చప్పుడు వింటూ ఉండిపోయింది. పిల్ల వచ్చి పక్కన ఆగింది. ఆవిడ పిల్ల తల నిమిరింది. చాలాసేపు అలా నిమురుతూనే ఉంది.

తల్లి చేతిలో కొంగు నలుగుతోంది.

"అడిగే పని లేకపోయింది తల్లీ," అందావిడ చివరికి. "చీటీలో మాకు ఈ కింద ఇల్లే వచ్చింది. ఆరోజు ఆఫీసులో ఈ పిల్లని ఎత్తుకుని నువ్వు ఏడుస్తుంటే, చూళ్లేక, ఆయనే లేచి వెళ్లి మార్చుకుంటామని చెప్పొచ్చారు."