నీట మునిగిన గోధుమలు

యుద్ధంలో శత్రువుల సరుకు ఓడల్ని వేటాడే యువ కెప్టెన్, తాను అప్పుడే ముంచిన ఓడ తాలూకు ముసలి కెప్టెన్‌ను తన గదికి పిలిచి, కాఫీ పోసి, మర్యాద వెలగబెట్టాడు.

"మీవాళ్లలో ఒక్కరికీ గీత కూడా పడనివ్వలేదు. అయినా నన్ను పురుగులా చూస్తారేంటండీ?"

"అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడట. ఈ కాఫీ మా ఓడలోదేగా?"

యువకుడికి ఒళ్లు మండింది. "అంత పౌరుషమున్నవారు నన్ను చూసి పారిపోలేదేం? మా ఓడకంటే మీదే జోరైంది కదా!"

"పారిపోతే గోధుమలు చేరిపోయేవి."

"ఎవరికి?"

"మీ సైన్యానికే. మా యజమాని దొంగచాటుగా మీకే అమ్ముకున్నాడు. ఆ నీచుడికి ఎదురుచెప్పే దమ్ము నాకు లేకపోయింది. నీలాంటి బడుద్ధాయి ఎవడైనా ఎదురై ముంచకపోతాడా అని, రేవు దాటినప్పటి నుంచీ కళ్లు కాయలు కాచేలా చూశాను."