మూడో దుంప

ఓవెన్‌లోంచి మూడు బంగాళాదుంపలు తీశాకగానీ కోడలికి తెలియలేదు, అలవాటు కొద్దీ ముగ్గురికి పెట్టానని. భర్త పోయి మూడు వారాలు. ఆ ఇంట్లో ఎవరూ ఏడవలేదు, ఆయన మాటే ఎత్తలేదు.

దుంపల్ని చీల్చి, గుజ్జు తీసి, వెన్న, చీజ్, వేయించిన ఉల్లిపాయ కలిపి మళ్లీ తొక్కల్లో కూరింది.

అత్తయ్య ఒక చెంచాడు నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది.

"నోటికి ఏ రుచీ తెలీడం లేదమ్మా. నా దాంట్లో మటుకు ఒక పచ్చిమిరపకాయ వెయ్యి."

"మీకు కారం పడదుగా అత్తయ్యా?"

"నాకా? ఎవరన్నారు?"

"మీ అబ్బాయే. పెళ్లయిన వారంలోనే చెప్పారు. అమ్మని అడక్కు, చిన్నబుచ్చుకుంటుంది అన్నారు."

అత్తయ్య చెంచా కింద పెట్టింది.

"నీకే కారం పడదని నాతో అన్నాడు. పన్నెండేళ్లుగా నీ కోసమని ఈ చప్పిడి తిండి తింటున్నా."

"నేను మీ కోసమని తింటున్నా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"దొంగ వెధవ!" అంది అత్తయ్య. "చిన్నప్పుడు మిరపకాయ కనిపిస్తే మంచం కిందికి దూరేవాడు. పెద్దయ్యాక మారాడనుకున్నా."

లేచి, నాలుగు పచ్చిమిరపకాయలు సన్నగా తరిగింది. రెండు దుంపల్లో కలిపింది. చెయ్యి మూడోదాని మీదికి వెళ్లింది.

కోడలు ఆ చెయ్యి పట్టుకుంది.

"దాంట్లో వద్దత్తయ్యా. ఆయనకి పడదు."