కాలవ నీళ్ళు

చెరువు గట్టు మీద పట్టపగలు మంట వెలిగింది.

గంగరాజు పాక ముందు కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. తలెత్తి చూసేసరికి చేతిలో నూలుకండె జారిపోయింది.

ఎవరో అమ్మాయి. పాతికేళ్ళు కూడా ఉండవు. చేతులకి రబ్బరు తొడుగులు, పక్కన థర్మాకోల్ పెట్టె. గట్టు ఎక్కేచోట తెల్లటి పొడి పోసి, దాన్ని చెప్పులతో తొక్కి మరీ ఎక్కింది. ఇప్పుడు చిన్న స్పిరిటు దీపం ముట్టించి పట్టకారుని మంటలో తిప్పుతోంది.

"పేరంటాలూ, ఇటు రా" అని భార్యని పిలిచాడు.

అది 1996. బాపట్ల వైపు రొయ్యల చెరువులన్నీ తెల్లమచ్చ తెగులుతో పోయాయి. పొద్దున ఈదిన రొయ్య సాయంత్రానికి ఒడ్డుకొచ్చి చచ్చిపోతోంది. రేపల్లె దిగువకి కూడా వచ్చేసిందని చెప్పుకుంటున్నారు. గంగరాజు పడవ అమ్మేసి ఈ చెరువు తవ్వించాడు. ఇది పోతే మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళే దారి కూడా లేదు. ఆ భయంతో అతనికి ముద్ద దిగడం లేదు.

పేరంటాలు వచ్చి చూసి, ఉన్నచోటే ఆగిపోయింది.

"ఈ పిల్లేనయ్యా. ఎగువన ప్రభుదాస్ గారి చెరువు మీద రోజూ తిరిగింది ఈ పిల్లే. ఆ చెరువు పోయింది."

ప్రభుదాస్‌ది తెనాలి. అక్కడ ఏదో ఆఫీసులో గుమాస్తా. చెరువు కౌలుకి తీసుకుని, ఎప్పుడో ఒకసారి వచ్చి చూసుకుపోతాడు. ఎదురైతే పలకరిస్తాడు, అంతవరకే పరిచయం.

గంగరాజు గట్టెక్కాడు.

"ఎవరమ్మా నువ్వు?"

"రిబ్కా అండి. మద్రాసులో మాలిక్యులర్ బయాలజీ చదివాను బాబాయ్. అక్కడే ల్యాబులో రీసెర్చి చేస్తున్నాను. నాలుగు రొయ్యలివ్వండి, చాలు."

"ఏం చేస్తావు?"

"కాలు ముక్క తీసి ఈ గొట్టంలో వేసి ఐసులో పెడతాను. మచ్చ పడకముందే తెగులు ఒంట్లో ఉందో లేదో ల్యాబులో తెలిసిపోతుంది."

"ఆ మంటేంటి?"

"పట్టకారుకి ఇంకో చెరువు తాలూకు ఏదీ అంటుకుని ఉండకూడదండి. కాల్చాకే ముట్టుకోవాలని నేర్పారు మాకు."

"మరి ఆ పొడి?"

"బ్లీచింగండి. నా చెప్పులతో తెగులు మీ గట్టెక్కకూడదని."

"అంటే తెగులున్న చోటి నుంచే వచ్చావన్నమాట" అంది పేరంటాలు.

అమ్మాయి మొహం పాలిపోయింది.

"అవునండి. అందుకే వచ్చాను. కాస్త నా మాట వినండి."

వినే స్థితిలో అక్కడ ఎవరున్నారు? చేతబడి చేసేవాళ్ళు గోరో వెంట్రుకో పట్టుకుపోతారని గంగరాజు చిన్నప్పటి నుంచి విన్నాడు. ఈ పిల్ల కాలు ముక్క అడుగుతోంది. చూస్తే మంట కూడా ఉంది, పొడి కూడా ఉంది. ఏం చేస్తున్నాడో తెలియకుండానే పెట్టెని కాలితో తన్నాడు.

ఐసు బురదలో పడింది. గొట్టాలు దొర్లిపోయాయి.

ఆ అమ్మాయి వంగి వాటిని ఏరుకుంది.

"రొయ్యలివ్వకపోతే మానెయ్యండి బాబాయ్. కాలవ నీళ్ళు మాత్రం చెరువులోకి ఎక్కించకండి. కొన్నాళ్ళు ఆగండి."

"ఎందుకు ఆగాలి?"

ఆమె ఏదో చెప్పబోయింది. ఎగువ వైపు ఒకసారి చూసి ఆగిపోయింది.

"ఎందుకని అడక్కండి. దణ్ణం పెడతాను."

గంగరాజు కర్ర అందుకున్నాడు. ఆమె పెట్టె గుండెలకి పట్టుకుని గట్టు దిగి వెళ్ళిపోయింది.

"చూశావా, నీళ్ళు మార్చొద్దంటోంది" అంది పేరంటాలు. "తన కన్ను పడ్డ నీళ్ళు అట్టాగే ఉండాలని."

నిజమే అనిపించింది గంగరాజుకి. వలకి దిష్టి తగిలితే పోటునీళ్ళలో జాడించిగానీ మళ్ళీ పడవెక్కించరు వాళ్ళు. తాతల నాటి నుంచీ అంతే. చెరువుకి మాత్రం వేరే దారేముంది?

పేరంటాలు గట్టు చుట్టూ పసుపునీళ్ళు చల్లింది. గంగరాజు పాత నీళ్ళు తీసేసి, ఇంజను వేసి కాలవ నీళ్ళు ఎక్కించాడు. కొత్త నీళ్ళు నురగలు కక్కుతూ పడుతుంటే అతనికి ప్రాణం కుదుటపడింది. ఆ పూట కడుపునిండా తిన్నాడు.

వారం తిరక్కుండానే గట్టు మీద కాకులు వాలాయి. ఒడ్డు పొడవునా రొయ్యలు. తలల మీద తెల్లటి మచ్చలు. పేరంటాలు గట్టు మీదే కూలబడి ఏడ్చింది.

ఆ పిల్ల మీద ఫిర్యాదు చేస్తే పోలీసులు కేసు తీసుకోలేదు. ఒక్కడి మాట మీద కుదరదు, నష్టపోయిన ఇంకొకరిని తీసుకురమ్మన్నారు.

గంగరాజు రేపల్లెలో రైలెక్కి తెనాలిలో దిగాడు. అడుగుతూ అడుగుతూ ప్రభుదాస్ ఇల్లు పట్టుకున్నాడు.

"మన రెండు చెరువుల్నీ ఆ పిల్లే చంపిందండి. మీరు కూడా వచ్చి ఒక్క మాట చెబితే లోపలేస్తారు."

ప్రభుదాస్ కూర్చోమని కూడా అనలేదు.

"నువ్వు నీళ్ళెప్పుడు మార్చావు గంగరాజూ?"

"ఆ పిల్ల వచ్చిన రోజేనండి. కాలవ నీళ్ళు ఎక్కించొద్దంది. అందుకే ఎక్కించాను."

ప్రభుదాస్ కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి అవి తడిగా ఉన్నాయి.

"కేసు పెట్టొద్దు. నా చెరువు చచ్చాక, బ్లీచింగు వేసి ఆ నీళ్ళు కొన్నాళ్ళు కట్టేసి ఉంచమంది. మళ్ళీ పంట వెయ్యాలన్న తొందరలో నేనే ఆ రోజు తెల్లవారుజామున కాలవలోకి వదిలేశాను."

"ఆ మాట మా గట్టు మీద చెప్పొచ్చు కదండీ."

"నా పేరు బయటపెట్టలేక మానేసి ఉంటుంది. ఆ సాయంత్రమే మద్రాసు బండెక్కింది, నాతో ఒక్క మాట కూడా అనలేదు" అన్నాడు ప్రభుదాస్. "నీళ్ళు వదలొద్దని నా కాళ్ళు పట్టుకుని, నేను విననందుకు ఆ పెట్టె తీసుకుని మీ చెరువుకి పరుగెత్తింది నా కూతురే."