పిలిస్తే పలికే లిఫ్టు

మూడో అంతస్తు దాటాక లిఫ్టు ఆగిపోయింది. లోపల కూరల సంచితో విశాలాక్షి ఒక్కతే ఉంది. కుళాయిలు, గేట్లు, లిఫ్టులు అన్నీ యాప్‌ల చేతికి వెళ్లిపోయిన ఆ కాలంలో, ఏ యాప్‌ని ఎంత నమ్మొచ్చో పరీక్షించి మార్కులు వేయడం ఆవిడ ఉద్యోగం. ఈ లిఫ్టుకి పొద్దున్నే నూటికి నూరు వేసింది. ఎన్నిసార్లు పిలిచినా పలికింది మరి.

"ఉన్నావా?" అని అడిగింది.

"మీ సేవలోనే ఉన్నానండి," అంది లిఫ్టు తియ్యగా.

"అయితే కదలవేం?"

"తప్పకుండానండి," అంది. కదల్లేదు.

ఇక లాభం లేదని మొగుడికి ఫోన్ చేసింది. "ఏవండీ, లిఫ్టులో ఇరుక్కుపోయాను. కిందికెళ్లి తాళం తెచ్చి తలుపు తీయండి."

"ఆ, వస్తున్నా," అన్నాడు కామేశ్వరరావు. వెనకాల క్రికెట్ కామెంటరీ వినిపిస్తోంది.

కాసేపాగి మళ్లీ చేసింది. "బయల్దేరారా?"

"ఆ, చెప్పులేసుకుంటున్నా." కామెంటరీ అలాగే ఉంది.

అప్పుడు తట్టింది విశాలాక్షికి, పొద్దున తను చేసిన పొరపాటేమిటో. పలికితే చాలు, పని చేస్తుందనుకుంది. ముప్ఫై ఏళ్లు కాపురం చేసి కూడా అలా ఎలా అనుకుందో ఆవిడకే అర్థం కాలేదు. అక్కడే నిలబడి, ఫోన్‌లోనే లిఫ్టు మార్కుల్ని సున్నా చేసింది. దాంతో హడలిపోయిందో ఏమో, లిఫ్టు కదిలింది.

ఇంట్లో కామేశ్వరరావు సోఫాలో కాళ్లు బారచాపుకుని ఉన్నాడు. "వచ్చేశావా? నేనే బయల్దేరుతున్నా. సరేగానీ, కాస్త కాఫీ పట్రా."

"ఆ, తెస్తున్నా," అంది విశాలాక్షి, పక్క కుర్చీలో కూర్చుని కాళ్లు బారచాపుతూ.